లీటరుకి ఎంత

డ్యాష్‌బోర్డు అరలో, బీమా కాగితాల కింద
నల్ల అట్ట నోటుబుక్కు దొరికింది.
కారు అమ్మిన వైకుంఠం సార్ మరిచిపోయారనుకుని ఫోన్ చేస్తే
"అది కారుదేనమ్మా, మీరే ఉంచుకోండి" అన్నారు.

తేదీ. రీడింగు. లీటర్లు. కింద భాగాహారం.
ఎనిమిదేళ్లు, ప్రతిసారీ హబ్సిగూడలో అదే బంకు.
పంపు టక్కున ఆగగానే చాలు,
ఆపైన చుక్క పోయించినా లెక్క తప్పుతుందని
మొదటి పేజీలోనే రాసి గీత గీశారు.

కొన్నిచోట్ల అంకె పక్కన ఒక ముక్క:
"19.8. టైర్లలో గాలి పెట్టించాను, 33."
"21.2. నల్గొండ పోయి రావడం. ఎనభై దాటలేదు."
"17.0. డిక్కీలో సిమెంటు బస్తా. నెల రోజులు ఊరికే మోశాను. సిగ్గు."
ఒక్కచోట మాత్రం:
"11.4. ఆస్పత్రి బయట రాత్రంతా ఏసీ. పద్మిని కాసేపు నిద్రపోయింది. ఖర్చు రాయను."
తర్వాత రెండు పేజీలు ఖాళీ.
మళ్లీ 20.1. ఏమీ జరగనట్టు.

నేను ఇంటింటికీ తిరిగే ఫిజియోథెరపిస్టుని.
పొద్దున నాచారం, పదింటికి అల్వాల్,
మధ్యలో రైలు గేటు పడితే ఇరవై నిమిషాలు.
అక్కడ ఇంజన్ ఆపడం ఈ పుస్తకం చదివాకే వచ్చింది.
లాలాపేట వంతెన దిగుతూ న్యూట్రల్ చేయకూడదనీ,
గేరులోనే ఉంచి కాలు తీసేస్తే
బండి డీజిల్ తాగకుండానే దిగుతుందనీ కూడా.

పద్దెనిమిది వందల దగ్గర టర్బో మేలుకుంటుంది,
మూడు వేల దాకా అరిపించకు.
అట్లాగని నాలుగో గేరులో ఎడ్లబండిలా తోలి
మూలిగించకు కూడా.
ఔటర్ మీద ఉరికొచ్చాక వెంటనే తాళం తిప్పకు,
నిమిషం ఆగు,
ఎర్రగా కాగిన చక్రాన్ని నూనెలో చల్లారనీ.
"ఆ నిమిషం దుబారా కాదు" అని ఎర్ర సిరా.

ఆషాఢంలో 15.1. బోనాల ట్రాఫిక్ అనుకున్నాను.
14.6. బంకువాడి మోసం అనుకుని బంకు మార్చాను.
14.2.
ఎత్తు ఎక్కుతుంటే వెనక నల్లటి పొగ,
కాలు నొక్కితే బానెట్ కింద సన్నని ఈల.

మౌలాలీలో లతీఫ్ భాయ్ ముందు చెవి పెట్టాడు.
"యాక్సిలేటర్ దబాయించండి" అని కళ్లు మూసుకున్నాడు.
తర్వాత గిన్నెలో సబ్బు నురగ, పాత షేవింగ్ బ్రష్షు,
ఇంటర్‌కూలర్ పైపు పొడుగునా రాసుకుంటూ పోయాడు.
మడత దగ్గర నురగ ఉబ్బి పగిలింది.
చిటికెనవేలి గోరంత చీలిక.
"గాలి మింగుతున్నది గానీ లోపలిదాకా పోతలేదు మేడమ్.
డీజిలేమో పూరా పోస్తనే ఉంది. మండక పొగైతున్నది."

అల్వాల్‌లో దుర్గాబాయి గుర్తొచ్చింది.
ప్లాస్టిక్ డబ్బాలో మూడు బంతులు,
గొట్టంతో ఊపిరి పీలిస్తే లేవాలి.
ఆమెకి ఒకటే లేస్తుంది. రెండోది వణికి పడిపోతుంది.
వారం వారం నేను రాసే కాగితమూ ఇదే కదా:
తేదీ. ఎన్ని బంతులు. ఎన్ని సెకన్లు.
ఆమెకి మార్చడానికి పైపు దొరకదు.

పైపు పన్నెండు వందలు, కూలీ మూడొందలు.
ఎయిర్ ఫిల్టర్ తీసి నేలకేసి కొడితే
నా ఆర్నెల్ల వీధులన్నీ దుమ్ముగా రాలాయి.
"వెనక కుడి చక్రం ముట్టుకోండి."
వేడిగా ఉంది.
"బ్రేకు పట్టేసింది. మీరు తొక్కకున్నా అది తొక్కుతనే ఉంది."

ఆ రాత్రి పాత బంకులోనే ట్యాంకు నింపాను.
రౌండు ఫిగర్ చేయమంటారా అన్నాడు కుర్రాడు.
వద్దన్నాను.

తొమ్మిది రోజులకి:
"20.6. పైపు, బ్రేకు."
పెన్ను మూత పెట్టబోయి ఇంకో ముక్క రాశాను:
"దుర్గాబాయి, రెండో బంతి, మూడు సెకన్లు."
కారు పుస్తకంలో ఇదేమిటని నన్నెవరు అడుగుతారు?
పద్మినిగారు ఎట్లా ఉన్నారని
వైకుంఠం సార్‌ని నేనింకా అడగలేదు.